కూలీల లెక్క కూలీబిడ్డలే తీయాలి

వానకాలపు పంట కల్లం దాటిందో లేదో పాలమూరు పల్లెలలో ఇళ్లకు తాళాలు పడడం మొదలవుతుంది. ఇది ఈనాటి సంగతి కాదు. ముల్లెమూట, చంకన పసిబిడ్డ, పార, తట్ట పట్టుకుని ముంబయికో, పుణెకో, హైదరాబాదుకో బస్సెక్కే కుటుంబాలను చూడని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. ఇంటి దగ్గర ముసలివారు మిగులుతారు. వారి చేతిలో బడికి పోయే మనుమలను పెట్టి పోతారు.

ఊరి నుంచి ఎందరు పోయారు? ఏ గుంపు మేస్త్రీ వెంట పోయారు? ఎంత అడ్వాన్సు తీసుకున్నారు? తిరిగి వచ్చేనాటికి చేతిలో ఎంత మిగిలింది? ఈ నాలుగు ప్రశ్నలకు రచ్చబండ దగ్గర కూర్చున్న ఎవరిని అడిగినా నోటితో సమాధానం చెబుతారు. కాగితం మీద చూపమంటే మాత్రం చూపగలవారు దొరకరు.

కాగితం మీద లేకపోతే ఏమవుతుందో 2020 సంవత్సరం దేశానికంతటికీ చూపింది. ఆ ఏడాది మార్చి నెలాఖరున లాక్‌డౌన్ పెట్టిన తరువాత కోటి మందికి పైగా వలస కూలీలు నగరాలు విడిచి సొంత రాష్ట్రాలకు తిరిగి వచ్చారు. ఎర్రటి ఎండలో పిల్లలను భుజాన వేసుకుని వందల మైళ్లు నడిచారు. దారిలోనే ప్రాణాలు విడిచినవారు ఉన్నారు. ఆ సెప్టెంబరు 14న లోక్‌సభలో ఈ ప్రస్తావన వచ్చింది. దారిలో చనిపోయిన వలస కూలీలు ఎందరు, వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని సభ్యులు అడిగారు. అటువంటి లెక్కలు లేవని, లెక్కలు లేనందున పరిహారం ప్రశ్నే తలెత్తదని కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ లిఖితపూర్వకంగా సమాధానమిచ్చింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ప్రభుత్వం విషయంలో అడిగితే చాలదు, లెక్క చూపి అడగాలి. ఆ లెక్క తీసేవారు ఎవరు అన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం. కార్మికుల సమస్యలపై పరిశోధన చేసే విద్యార్థులకు ఫెలోషిప్పులు ఇవ్వడం చదువుకున్నవారి గొడవ, పల్లెటూరివారికి దానితో పనేమిటి అని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆ గొడవ అందరికంటె ముందు కూలినాలి చేసుకునేవారిది.

ఒక రూపాయి కథ

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. అందుకోసం స్టేడియాలు, వంతెనలు, హోటళ్లు హడావిడిగా కట్టించారు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సా వంటి రాష్ట్రాల నుంచి వేలాది కూలీలను తోలుకువచ్చారు. అక్కడ వారి పరిస్థితి ఎట్లా ఉందో చూసి రమ్మని ఒక పౌరహక్కుల సంఘం ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలను నియమించింది. వారు పని జరిగే చోటికి పోయి, కూలీలతో మాట్లాడి నివేదిక రాశారు.

అందులో తేలిన సంగతి పాలమూరు కూలీకి కొత్తగా తోచదు. రోజుకు చట్టప్రకారం రావలసిన కనీస కూలి 9 రూపాయల 25 పైసలు. కంట్రాక్టరు ఆ డబ్బు జమాదారు చేతిలో పెట్టేవాడు. జమాదారు తలకు రూపాయి చొప్పున తన కమిషన్ కింద కోసుకుని 8 రూపాయల 25 పైసలు కూలీ చేతిలో పెట్టేవాడు. ఆడకూలీలకు 7 రూపాయలే దక్కేవి.

ఆ సంఘం నివేదికను జతచేసి సుప్రీంకోర్టు న్యాయమూర్తి పి.ఎన్. భగవతికి ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా స్వీకరించింది. 1982 సెప్టెంబరు 18న తీర్పు చెప్పింది. కనీస వేతనం కంటె తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీతో సమానమని ఆ తీర్పు తేల్చింది. ఆకలికి తాళలేక తక్కువ కూలికి ఒప్పుకున్నా అది ఇష్టపూర్వకంగా చేసిన పని కాబోదని కూడా స్పష్టంచేసింది.

ముగ్గురు మనుషులు చేతిలో పుస్తకం, కలం పట్టుకుని పని జరిగే చోటికి పోయినందువల్ల దేశంలోని కూలీలందరికీ ఒక ఆయుధం దొరికింది. రూపాయి కోతను కూలీలు అంతకుముందు ఎరగనివారు కారు. ఎరిగినదాన్ని కోర్టు ముందు నిలబడేటట్లు రాసిపెట్టినవారు అప్పటిదాకా లేరు.

లెక్క తీస్తే బయటపడిన నిజాలు

వెట్టిచాకిరీని రద్దుచేస్తూ 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో చట్టం వచ్చాయి. చట్టం వచ్చింది కనుక వెట్టి పోయిందని, తమ రాష్ట్రంలో వెట్టివారు ఏ కొద్దిమందో తప్ప లేరని చాలా చోట్ల అధికారులు చెబుతూ వచ్చారు. 1978లో గాంధీ శాంతి ప్రతిష్ఠానం, జాతీయ కార్మిక సంస్థ కలిసి ఆంధ్రప్రదేశ్‌తో సహా 10 రాష్ట్రాలలో గ్రామాలను ఎంచుకుని సర్వే చేయించాయి. వెట్టిలో మగ్గుతున్నవారు 26 లక్షల 17 వేల మంది ఉంటారని ఆ సర్వే అంచనా వేసింది. సర్కారు కాగితాలలో ఉన్న సంఖ్య ఆ అంచనాకు దరిదాపులలో కూడా లేదు. ఆ తరువాత వెట్టివారు లేరని చెప్పి తప్పించుకోవడం ఏ ప్రభుత్వానికీ తేలిక కాలేదు.

అంతదూరం పోనక్కరలేదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డనే చూడవచ్చు. సంకరజాతి పత్తి విత్తనం పండించే చేలలో పువ్వు పువ్వునూ చేత్తో విప్పి క్రాసింగు చేయాలి. సన్నటి వేళ్లు కావాలన్న సాకుతో, తక్కువ కూలికి వస్తారన్న అసలు కారణంతో బడి ఈడు ఆడపిల్లలను ఆ పనిలో పెట్టేవారు. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలో ఇది బహిరంగ రహస్యమే. హైదరాబాదుకు చెందిన పరిశోధకుడు డాక్టర్ దావులూరి వెంకటేశ్వర్లు ఏళ్ల తరబడి ఈ చేలను పరిశీలించి, ఏ పొలంలో ఎందరు పిల్లలు పనిచేస్తున్నారో, విత్తన కంపెనీ రైతుకు ఇచ్చే ధరకూ ఆ పిల్లల చాకిరీకీ ఉన్న సంబంధం ఏమిటో 2003లో వెలువడిన నివేదికలో విప్పిచెప్పారు. అంతవరకు తప్పంతా రైతుదే, ఆర్గనైజరుదే అంటూ వచ్చిన పెద్ద కంపెనీలు దేశదేశాలలో ప్రశ్నలు ఎదుర్కొని, పిల్లలను పనిలో పెట్టబోమని ఒప్పందాలకు దిగివచ్చాయి. పిల్లల పని పూర్తిగా మాసిపోయిందని ఎవరూ అనరు. కాని గట్టు మీద నిలబడి లెక్క రాసుకున్న ఒక మనిషి పని ఎంతదూరం పోగలదో దానివల్ల తెలిసింది.

2020 ఏప్రిల్‌లో జరిగింది కూడా ఇటువంటిదే. ఎక్కడివారక్కడ చిక్కుకుపోయిన కూలీలకు సాయపడడానికి కొందరు అధ్యాపకులు, పరిశోధకులు, యువకులు ఒక బృందంగా ఏర్పడ్డారు. ఫోను చేసిన ప్రతి కూలీ చెప్పిన సంగతులు రాసిపెట్టుకున్నారు. మూడు వారాలు తిరగకముందే 11,159 మంది కూలీల స్థితిగతులను నివేదికగా వెలువరించారు. వారిలో 96 శాతం మందికి ప్రభుత్వ రేషన్ అందలేదని, 89 శాతం మందికి లాక్‌డౌన్ కాలానికి యజమానులు కూలి ఇవ్వలేదని అందులో తేలింది. సర్కారు దగ్గర లెక్క లేనిచోట ఫోను, నోటుపుస్తకం పట్టుకున్నవారు లెక్క తీయగలిగారు.

పాత దారే

విద్యార్థులను పల్లెలకు పంపి కూలి బతుకులను పరిశీలించడం కొత్తగా కనిపెట్టవలసిన పద్ధతి కాదు. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆర్థికశాస్త్ర ఆచార్యుడుగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థులను సెలవులలో వారి సొంత ఊళ్లకే పంపి, భూమి ఎవరి చేతిలో ఉంది, కూలి ఎంత, అప్పు ఎంత అని రాసుకురమ్మన్నాడు. 1918లో అది పుస్తకంగా వచ్చింది. దాదాపు 20 ఏళ్లకు, 1936-37లో, అవే ఊళ్లకు మళ్లీ పోయి ఏం మారిందో చూశారు. హైదరాబాదు సంస్థానంలో 1929-30లో ఎస్. కేశవ అయ్యంగారు పల్లెల ఆర్థిక పరిస్థితులను విచారించి సంపుటాలు వెలువరించారు. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య ఎస్.సి. దూబే బృందం శామీర్‌పేటకు పోయి ఊరిని నిశితంగా పరిశీలించింది. ఆ పుస్తకాన్ని ఈనాటికీ ప్రపంచమంతటా చదువుతున్నారు.

నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి మొదట చేసిన పనులలో ఒకటి, డెల్టా పల్లెల ఆర్థిక స్థితిని, చేనేతవారి బతుకును పరిశీలించి పుస్తకాలు రాయడం. కార్మికోద్యమం నుంచి రాష్ట్రపతి పదవిదాకా ఎదిగిన వి.వి. గిరి కార్మిక సమస్యలపై గ్రంథాలు రాశారు. 1974లో ఏర్పడిన జాతీయ కార్మిక సంస్థకు తరువాత ఆయన పేరే పెట్టారు. తెలుగువారికి ఈ విద్య పరాయిది కాదు. దాన్ని కొనసాగించడమే కొరవడింది.

భృతి ఉన్నా బిడ్డకు అందదు

ఫెలోషిప్పు అంటే పరిశోధన చేసే విద్యార్థికి తిండికి, గది బాడుగకు, ప్రయాణాలకు నెలనెలా ఇచ్చే భృతి. తిరిగి కట్టవలసిన అప్పు కాదు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు అయింది. మంచిదే. కాని అది పి.హెచ్.డి. దాకా వచ్చి, జాతీయస్థాయి పరీక్షలో ముందువరసలో నిలిచినవారికి. కూలీ ఇంటి బిడ్డ అక్కడిదాకా చేరేలోగా ఎన్ని గండాలు దాటాలో తల్లిదండ్రులకే తెలుసు. డిగ్రీ, ఎం.ఎ. చదివే పిల్లలలో సెలవులు రాగానే తాము కూడా సెంట్రింగు పనికో, ఇటుకబట్టీకో పోయేవారున్నారు. వారిని ఆ రెండు నెలలు కూలి మానుకుని, కూలీల లెక్క రాయమంటే ఇల్లు గడవదు. ఆ రెండు నెలల కూలి మేరకు భృతి ఇస్తే అదే బిడ్డ ఏ ప్రొఫెసరుకూ తోచని ప్రశ్న అడగగలడు. ఎందుకంటే అడ్వాన్సు ఎట్లా పుడుతుందో, పట్టీలో ఎట్లా పెరుగుతుందో అతడు ఇంట్లో చూశాడు.

పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఇప్పుడు అయిదు జిల్లాలైంది. జిల్లాకు పదిమంది చొప్పున విద్యార్థులను ఎంచుకుని, సెలవు కాలానికి భృతి ఇచ్చి, కార్మిక పరిశోధనకు పంపడం విశ్వవిద్యాలయానికి, జిల్లా పరిషత్తులకు, కార్మిక శాఖకు కలిసి చేయదలిస్తే తలకు మించిన పని కాదు. ఒక చిన్న కల్వర్టుకు పెట్టే ఖర్చుతో ఎన్నో ఊళ్ల నిజస్థితి తెలుస్తుంది.

పరిశీలించడానికి విషయాలకు కొరత లేదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. కూలీలను తోలుకుపోయే కంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, కూలీకి పాసుపుస్తకం ఇవ్వాలని, ప్రయాణ ఖర్చులు చెల్లించాలని అందులో రాశారు. 40 ఏళ్లకు పైగా అమలులో ఉన్న ఆ చట్టం పేరు ఎందరు గుంపు మేస్త్రీలు విన్నారు? పాసుపుస్తకం ఎందరు కూలీలు కళ్లచూశారు? 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానే, కనీస వేతనాల చట్టం వంటి మరెన్నో పాత చట్టాల స్థానే నాలుగు కొత్త కోడ్‌లు అమలులోకి వచ్చాయి. అవి కూలీ గుడిసెదాకా వచ్చాయా, ఢిల్లీ గెజెట్‌లోనే ఆగాయా అన్నది ఎవరు చూసి చెప్పాలి? గ్రామాలకు పోయి అడిగే పరిశోధకులే చెప్పాలి.

రెండు అభ్యంతరాలు

దీనిమీద ఊళ్లలోనే రెండు అభ్యంతరాలు వినబడతాయి. అందరికీ తెలిసినదాన్ని అడగడానికి డబ్బు ఇవ్వడమెందుకన్నది మొదటిది. ఢిల్లీ జమాదారు కోసిన రూపాయి దీనికి సమాధానం. తెలియడం వేరు, రుజువు కావడం వేరు.

రెండవది అంతకంటె బలమైనది. కాగితాలు పట్టుకుని ఎందరో వచ్చారు, గంటలు గంటలు అడిగారు, రాసుకున్నారు, పోయారు, మళ్లీ ముఖం చూపలేదు, ఊరికి ఒరిగిందేమిటని జనం అడుగుతున్నారు. ఇది న్యాయమైన నిష్ఠూరం. కూలీ చెప్పిన మాట ఇంగ్లీషు పుస్తకంగా మారి విశ్వవిద్యాలయం బీరువాలోకి చేరితే పరిశోధకుడికి పట్టా దక్కుతుంది, కూలీకి ఆ పూట పని పోతుంది. ఇక ఎవరి పేరు ఏమి చెప్పారో బయటకు పొక్కితే మేస్త్రీ మరుసటి ఏడు పనికి పిలవడు. పాత బాకీ ఒక్కసారిగా కట్టమంటాడు. అడిగినవాడు బస్సెక్కి పోతాడు, చెప్పినవాడు ఊళ్లోనే ఉండాలి.

అందుచేత భృతి ఇచ్చేటప్పుడే కొన్ని షరతులు పెట్టాలి. నివేదిక తెలుగులో రాయాలి. దాన్ని ముందుగా గ్రామసభలో చదివి వినిపించాలి. తప్పున్నదని ఊరివారు అంటే సరిదిద్దాలి. కూలీల పేర్లు, మేస్త్రీకి గుర్తుపట్టే వీలిచ్చే వివరాలు నివేదికలో ఉండరాదు. పనివేళ ఆపి అడిగితే పోయిన కూలి కట్టి ఇవ్వాలి. ఆడవారిని అడగడానికి ఆడపిల్లలనే పంపాలి. మగవారి ముందు ఆడకూలీ తన కూలి ఎంతో నోరువిప్పి చెప్పదు. ఊళ్లో అడిగి ఊరుకోక, కూలీలు పోయిన ముంబయి, పుణె పని స్థలాలకు కూడా పోయి చూడాలి. భృతి నెలనెలా అందాలి. పని పూర్తయిన ఏడాదికి చేతికొచ్చే భృతిని నమ్ముకుని కూలీ ఇంటి బిడ్డ పరిశోధన చేయలేడు. నివేదిక అందిన తరువాత ఏ చర్య తీసుకున్నదీ కార్మిక శాఖ గడువులోగా ఊరికి చెప్పాలి.

చేసి చూపిన పనే

ఇదంతా జరిగేదా పెట్టేదా అని నిరుత్సాహపడవలసిన పనిలేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. తొలి విడతలోనే మహబూబ్‌నగర్ జిల్లా చేరింది. ఆ పథకానికి సామాజిక తనిఖీ జరపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూలీ కుటుంబాలలో చదువుకున్న యువతీయువకులకే శిక్షణ ఇచ్చారు. వారు మస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. కాగితంలో పడిన పనిదినాలను, చేతికి అందిన కూలిని సరిపోల్చారు. పనికి రానివారి పేర్లు, పోయిన ఏడే చనిపోయినవారి వేలిముద్రలు బయటపడ్డ ఉదంతాలున్నాయి. గ్రామసభలో అందరి ముందు అవన్నీ చదివారు. స్వాహా చేసిన డబ్బు కొంత అక్కడికక్కడే తిరిగి కట్టించిన సందర్భాలు ఉన్నాయి. ఆ పథకం స్థానే 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. చట్టాలు మారినా ఆ యువతీయువకులు నిరూపించిన సంగతి మారదు. కూలీబిడ్డకు కాగితం చదవడం నేర్పి, తిరగడానికి భృతి ఇచ్చి, మాట్లాడడానికి సభ చూపితే దొంగలెక్క నిలవదు.

ఇక చేయవలసింది ఉభయులూ చేయాలి. విశ్వవిద్యాలయం, ప్రభుత్వం భృతి ఏర్పాటు చేయాలి. పంచాయతీలు తమవంతుగా బతకపోయేవారి పేర్లు, పోయే చోటు, వెంట తీసుకుపోయే మేస్త్రీ పేరు రాసే రిజిస్టరు ఒకటి పెట్టాలి. అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. కూలీలు తమ ఊరికి వచ్చిన విద్యార్థిని తరిమివేయక, రాసుకున్నది తెచ్చి మాకు చదివి వినిపిస్తావా అని మొదట అడగాలి. వినిపిస్తానన్నవాడికి ఉన్నది ఉన్నట్లు చెప్పాలి.

మళ్లీ ఎప్పుడో ఒకనాడు ఏ కష్టమో వచ్చి, పాలమూరు కూలీలు ఎందరు పోయారు, ఎందరు తిరిగి వచ్చారు అని పార్లమెంటులో ఎవరైనా అడగకపోరు. ఆనాడు లెక్కలు లేవన్న జవాబు ఈ జిల్లా వారి విషయంలో వినబడకూడదు. ఆ లెక్క ఇక్కడి బిడ్డల చేతిరాతతో ముందుగానే సిద్ధంగా ఉండాలి.